ఓబులేసు పుటకు నకలు

డోన్,
1955 మే 22, ఆదివారం.

ఎండ తీవ్రం. ఆకాశంలో మబ్బు తునక లేదు. పొద్దున్నే అమ్మ మంచానికి నులక బిగించాను. ఆరాధనకు పోలేదు.

ప్రియమైన చెల్లెలు కృపమణికి అన్న గాబ్రియేలు దీవించి రాసేది.

నీ జాబు శుక్రవారం అందింది. ఇక్కడ అందరమూ క్షేమమని రాయడం వాడుక. అమ్మ వరకు అది నిజమే. ప్రభువు దయవల్ల దగ్గు తగ్గింది. రెండు పూటలా సంగటి తింటున్నది. నన్ను తిట్టడానికి గొంతు సరిపోతున్నది. నా సంగతి మాత్రం జాబు చివరిదాకా చదివి నీవే తేల్చుకో. నీవూ పాప రత్నమణీ మదరాసులో ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీవు అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తాను. నాకు అట్లా రాయడమే చేతనవును.

మిద్దె మీద చవుడు పరిపించాను. కిందటేడు కారిన మూల ఈ ఏడు కారదు, వాన అంటూ వస్తే. అమ్మ కంటి పొర తీయించమని రాశావు. కోత అనే మాట ఎత్తితే చాలు, "డాక్టరు అల్లుడే పాయ, ఇంగ నా కన్ను ఎవడు కోసేది?" అంటుంది. బావ కంటి డాక్టరు కాదమ్మా అంటే వినదు. ఆమె లెక్కలో లోకంలో ఉండిన డాక్టరు దావీదురాజు ఒక్కడే.

పాపకు లెక్కలు రావడం లేదని కోప్పడవద్దు. నాకూ ఎవరూ నేర్పలేదు. ఈ బుడ్డల మండీలో వేరుశనగ బస్తాలు మోసే రోజుల్లో గుమాస్తా గోపన్న గారి వెనక నిలబడి చూసి నేర్చుకున్నాను. ఆయన పుస్తకం ముట్టనిచ్చేవాడు కాదు. చూడనిచ్చేవాడు. అదే ఆ కాలానికి పెద్ద దయ. ఆయన మంచాన పడినాక కాని సాహుకారు నా చేతికి కలం ఇవ్వలేదు. పాపకు ముట్టుకోవడానికి పుస్తకం ఉంది. లెక్కలు అవే వస్తాయి.

బావ పెట్టె పగలకుండా చేరిందని రాశావు, సంతోషం. నీవు మదరాసులో నర్సు పనికి పోయినప్పటి నుంచి అది నా గదిలో మంచం కిందనే ఉండింది. బావ అస్సాంలో యుద్ధపు ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న ఆ కాగితాలు, ఎముకల పటాలు, ముద్రలు కొట్టిన నోటుపుస్తకాలు ఏడాదికోసారి ఎండబెట్టి, వేపాకు వేసి మళ్ళీ సర్దేవాణ్ణి. ఒక్క పుటకు కూడా చెద పట్టనివ్వలేదు. ఆ మాట మాత్రం ధైర్యంగా రాయగలను.

పెట్టె చేరిన కొద్దినెలలకే, ఆ ఆస్పత్రిలో బావకు పైఅధికారిగా ఉండిన కర్నలు గారు నీ ఇల్లు వెదుక్కుంటూ వచ్చారని రాశావు. ఆ ఆస్పత్రి చరిత్రను పుస్తకంగా రాస్తున్నానని చెప్పి కాగితాలన్నీ కారులో తీసుకుపోయారని, పోయేముందు బావ పటం ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నారని, పాపకు కలం ఇచ్చారని రాశావు. నీ సంతోషం నీ అక్షరాల్లోనే కనబడింది. బావ పోయినాక ఆయన పేరు చెప్పుకొని నీ గుమ్మం ఎక్కిన పెద్దమనిషి ఆయనొక్కడే. ఆ సంతోషాన్ని పాడుచేయడానికి నాకు మనసు ఒప్పదు. అయినా రాయక తప్పదు.

చివర రెండు సంగతులు అడిగావు. ఓబులేసు అర్జీ ఏమైంది అని ఒకటి. ఆ పుస్తకాల్లో దేనికైనా నకలు తీసి పెట్టుకున్నావా అన్నా, ఉంటే అవి కూడా పంపమని కర్నలు గారు అడుగుతున్నారు అని ఒకటి. రెండింటికీ జవాబు ఒకటే.

ఓబులేసు నీకు తెలిసినవాడే. అయినా మొదటి నుంచి రాస్తాను. ఈ జాబు వేరేవాళ్ళు చదవవలసి రావచ్చు.

అతనిది ప్యాపిలి దగ్గరి పల్లె. బోయవాడు. కరువు ఏట సైన్యంలో చేరాడు. అస్సాం అడవిలో కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పోయినాయి. భుజం వెనక తూటా దిగింది. బావ ఉన్న ఆస్పత్రికే తెచ్చారు. కొన ఊపిరితో వచ్చినవాణ్ణి బావ బతికించాడు. తీరా బతికినాక, యుద్ధానికి భయపడి తన చెయ్యి తానే కాల్చుకున్నాడని పెద్ద డాక్టర్ల బోర్డు తేల్చింది. పింఛను లేకుండా, మంచి పేరు లేకుండా ఇంటికి పంపించారు. ఊళ్ళో చిన్నపిల్లలు కూడా 'వేలు కోసుకున్నోడా' అని పిలిచేవాళ్ళు. బావ ఆ తీర్పును ఒప్పుకోలేదు. కింది ఉద్యోగి మాట ఎవరు వింటారు? తన నోటుపుస్తకంలో మాత్రం చూసింది చూసినట్టు రాసి, బోర్డు తేల్చింది తప్పని రాసి, సంతకం పెట్టి, ఆస్పత్రి ముద్ర వేసుకొని తెచ్చుకున్నాడు.

బావ చివరి ఏడు ఓబులేసు మన అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు, నీకు జ్ఞాపకం ఉంటుంది. ఒకరోజు బావ ఆ పుట తీసి మా ఇద్దరికీ తెలుగులో చదివి చెప్పాడు. వేళ్ళ చుట్టూ చర్మం కాలలేదంట. దగ్గర నుంచి కాల్చుకుంటే తప్పకుండా కాలుతుందంట. పైగా అదే కాల్పుల్లో భుజం వెనక, వీపున కూడా తూటా దిగి ఉంది.

"తుపాకితో తన వీపు తానే కాల్చుకునే మొనగాన్ని నేనింకా చూల్లేదు ఓబులేసూ. అట్లాంటోడు ఉంటే నేనే బిళ్ళ చేయించి తగిలిస్తా," అని బావ నవ్వాడు.

"నవ్వాకు డాక్టరయ్యా. నవ్వితే నీకు దగ్గొస్తాది," అన్నాడు ఓబులేసు.

దగ్గు వచ్చింది కూడా. దగ్గు ఆగినాక బావ, "పుస్తకంలో ఉండాది. ఎప్పుడైనా అడిగేవాడు పుడితే వచ్చి తీసుకోనిపో," అన్నాడు. ఆ పుటలో ఏముందో నాకు తెలిసింది అప్పుడే. నాకు ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టడం రైలు పెట్టెల మీద చూసి కొంత వచ్చు గాని చదవడం రాదు.

అడిగేవాడు ఈ ఏడు పుట్టాడు. కర్నూలు రాజధాని అయినాక, యుద్ధానికి పోయివచ్చినవాళ్ళకు బంజరు పట్టాలు ఇస్తారని, కొట్టేసిన అర్జీలు మళ్ళీ చూస్తారని పల్లెల్లో మాట పుట్టింది. ఫిబ్రవరిలో ఓబులేసు వచ్చాడు. అప్పటికే పెట్టె పంపించమని నీ జాబు వచ్చి ఉంది.

"ఆ కాయితం చించియ్యి గాబ్రియేలన్నా," అన్నాడు.

"పుస్తకంలో పుట చించకూడదప్పా. చించితే పుస్తకమూ నిలవదు, పుటా నిలవదు. నకలు రాసిస్తా."

"నీకు ఇంగ్లీసు రాదు గద?"

"రాసేదానికి చదవడం రావల్సిన పని లేదు," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకు కొంత గర్వంగానే ఉండింది. దాచడం ఎందుకు?

పుట వెదకడం కష్టం కాలేదు. ఓబులేసు సిపాయి నంబరు అతనికి నోటికి వచ్చు, అంకెలు నాకు వచ్చు. రాయడమే కష్టం. మండీలో చెద పట్టిన పాత పుస్తకాలు తిరగరాసేటప్పుడు గోపన్న గారు చెప్పేవాడు: "నకలంటే అసలుకు నీడ. నీడకు ముక్కు లేకుంటే అది ఆ మనిషిది ఎట్లయితాది?" అసలులో కొట్టివేత ఉంటే నకలులోనూ కొట్టివేయాలి. సిరా మరక ఉంటే ఆ చోటు వదిలిపెట్టాలి. నేనూ అట్లాగే రాశాను. కష్టమైన మాటలను ముందు చిత్తు కాగితం మీద దిద్దుకొని, చేతికి అలవాటైనాక అసలు కాగితం మీద పెట్టాను. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు. బావ సంతకం తోక చివర కొంచెం వణికి ఉంది. ఆ వణుకు కూడా తెచ్చాను. ఆస్పత్రి ముద్రకు సిరాబుడ్డి మూత పెట్టి గుండ్రం గీసి, ఊదా రంగు పెన్సిలు తడిచేసి లోపలి అక్షరాలు దిద్దాను. పైన 'నకలు' అని రాయలేదు. అసలులో లేని మాట నకలులో ఎందుకుంటుంది? మండీలో ఎవరూ అట్లా రాయరు. పుస్తకమంతా తిరగరాసినాక చివరి పుటలో సాహుకారు చేవ్రాలు పెడతాడు, అంతే.

ఓబులేసు ఆ కాగితాన్ని మిగిలిన మూడు వేళ్ళతో పట్టుకొని చూశాడు. "అచ్చం డాక్టరయ్య చెయ్యే," అని కళ్ళకు అద్దుకున్నాడు. ఆ వారంలోనే నేను పెట్టెకు తాళం వేసి, రైలు పార్సెలులో నీకు పంపించాను.

కిందటి సోమవారం కర్నూలు కచేరీ నుంచి ఓబులేసుకు పిలుపు వచ్చింది. అతని పక్కింట్లో ఉండే బండి బొజ్జన్న తోడు పోయాడు. బొజ్జన్న మంగళవారం మండీకి వచ్చి, నన్ను బస్తాల వెనక్కి పిలిచి చెప్పాడు. అతను చెప్పినట్టే రాస్తాను.

"గుడారంలో కూకోబెట్టినారప్పా. రాజధాని గుడారం, లోపల రొట్టె కాలుతాది. ఆడుండే గుమాస్తా కాయితం తిప్పి తిప్పి సూసె. 'పదకొండేండ్ల నాటి కాయితం ఇంత తెల్లగా యాడ దాచినావయ్యా, పాలకుండలోనా?' అనె. అందురూ నగిరి. 'ఈ డాక్టరు యాడుండాడు?' అనె. 'సచ్చిపోయినాడు సామీ' అనె మనోడు. 'సచ్చినోడు మొన్న సంతకం పెట్టినాడే! సమాధిలో కలం గూడా పెట్టి పూడ్చినారా?' అనె. మళ్ళా నగిరి. ఇంగ దొర వచ్చినాడు. వచ్చి, ఏలు తడుపుకోని ఆ ముద్ర మింద రుద్దినాడప్పా. ఊదా రంగు ఏలికి అంటుకొనె. అంతే. పోలీసోన్ని పిలిచిరి."

"రాసిచ్చినోడు ఎవరని అడగలేదా?"

"అడక్కుండా ఇడుస్తారా? 'ఈ చేత్తో నువ్వు పుల్ల గూడా పట్టలేవు. రాసినోని పేరు చెప్పు, నిన్ను ఇడిసిపెడతాం' అన్యారు. మనోడేమో, సంతలో ఎవురో రాసిచ్చినాడంట. మొగం గూడా జ్ఞాపకం లేదంట."

బొజ్జన్న అది చెప్పి నా చేతుల వైపు చూశాడు. "పోయొస్తా గాబ్రియేలన్నా," అని బండి దగ్గరికి పోయాడు.

దొంగ సంతకం, దొంగ ముద్ర, సర్కారును మోసం చేయజూడడం అని కేసు. ఓబులేసును సబ్ జైలులో పెట్టారు. భయపడి వేలు కాల్చుకున్నాడన్న మాటను తుడుచుకోవడానికి పోయినవాడు దొంగకాగితాలవాడు అనిపించుకున్నాడు. అసలు పుస్తకం చూపిస్తే ఇది మోసం కాదు, తెలివితక్కువ నకలు అని తేలుతుంది. కాబట్టి పుస్తకాన్ని వెంటనే పంపమని నీకు రాయాలని బుధవారం అనుకున్నాను. గురువారం అనుకున్నాను. శుక్రవారం నీ జాబే వచ్చింది, పుస్తకాలు నీ దగ్గర లేవని.

నకళ్ళు ఉంటే ఏ విలాసానికి పంపాలో కర్నలు గారి కార్డు కూడా జాబులో పెట్టావు. ఆ కార్డు చేతిలో పట్టుకొని చాలాసేపు నిలబడ్డాను కృపా. పేరు చదవలేను. కాని ఆ అక్షరాల వరస నా చేతికి తెలుసు. ఫిబ్రవరిలో చిత్తు కాగితం మీద దిద్దుకున్న కష్టమైన మాటల్లో అదొకటి. మధ్యలో ఒకే అక్షరం రెండుసార్లు వస్తుంది. ఆ చిత్తు నా దగ్గరే ఉంది. నా అనుమానం తప్పయితే బాగుండునని రెండింటినీ స్టేషన్ మాస్టరు గారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన పక్కపక్కన పెట్టి చూసి, "ఇద్దరూ ఒకరేనయ్యా. ఇక్కడ బోర్డుకు పెద్ద అని కూడా ఉందే," అన్నారు.

ఓబులేసు తన చెయ్యి తానే కాల్చుకున్నాడని తీర్పు చెప్పిన బోర్డుకు పెద్ద ఆ కర్నలు గారే. ఆ తీర్పు తప్పని బావ రాసిపెట్టిన పుస్తకం ఇప్పుడు ఆయన బీరువాలో ఉంది. నీవే కారుదాకా మోసి ఇచ్చి ఉంటావు. నకలు ఉంటే అదీ కావాలంటున్నారు.

ఆయన చెడ్డవాడని నేను రాయను. ఆ కన్నీళ్ళు దొంగవని కూడా రాయను. వేల మందిని చూసినవారు, ఓబులేసు అనే సిపాయి జ్ఞాపకం కూడా లేకపోవచ్చు. ఆయన రాసే చరిత్రలో బావ పేరు ఒకచోట మంచిగానే వస్తుంది. ఓబులేసు పేరు మాత్రం ఎక్కడా రాదు. నీవు బాధపడవద్దు. తెలిసి ఇవ్వలేదు. తెలిసి చేసినవాణ్ణి నేను.

ఇంతవరకు రాసింది జరిగిన సంగతి. ఇక నా సంగతి.

ఆ రాత నాదని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మంగళవారం తెలిసింది, ఈ రోజు ఆదివారం. ఎందుకు చెప్పలేదంటే, దొంగరాత రాసినవాడు అని ఒకసారి అనిపించుకుంటే ఈ తాలూకాలో ఏ మండీవాడూ నా ముందర పుస్తకం తెరవడు. మనవాళ్ళలో ఒకడు బస్తా దించి కలం పట్టడానికి ఎంత కాలం పట్టిందో నీకు తెలుసు. దించిన బస్తా మళ్ళీ ఎత్తుకోవాలంటే నడుము వంగదు. ఇది కారణం. మంచి కారణమని రాయడం లేదు.

గురువారం మండీ పని మీద కర్నూలు పోయాను. పని ఉన్నమాట నిజమే గాని, పని లేకున్నా పోయేవాణ్ణే. సజ్జరొట్టెలు, ఊరిబిండి మూటగట్టుకొని సబ్ జైలుకు పోయాను. చెప్పేద్దామనే పోయాను. వాకిట్లో పోలీసు ఆపాడు.

"ఎవురప్పా నువ్వు? ఈనికేమయితావు?"

నేను నోరు తెరిచాను. ఊచల వెనక నుంచి ఓబులేసు గొంతు ముందు వచ్చింది.

"ఆయప్ప నాకేమీ కాడు సామీ. డోనులో బుడ్డల మండీ గుమాస్తా. ఒకపారి తూకం కాడ నాతో కొట్లాడినాడు."

"కొట్లాడినోనికి రొట్టెలు తెస్తారా? శానా మంచి ఊరప్పా మీది! మా ఇంటిది కొట్లాడితే రెండు దినాలు సంగటి గూడా పెట్టదు," అని పోలీసు నవ్వాడు.

ఓబులేసు నా వైపు చూడలేదు. పొమ్మన్నట్టు తల అటు తిప్పుకున్నాడు.

నేను కూడా నవ్వాను కృపా. రొట్టెలు పోలీసు చేతికిచ్చి, నవ్వి, సాయంత్రం రైలెక్కి వచ్చాను. రైల్లో ఎవరో నన్ను టైము అడిగితే సరిగ్గా చెప్పాను కూడా.

నిన్న శనివారం మధ్యాహ్నం ఓబులేసు భార్య గిడ్డమ్మ ఇంటికి వచ్చింది. అమ్మ మజ్జిగ ఇమ్మంది. ఇచ్చాను. లోటా కింద పెట్టి, గోడకు ఆనుకొని కూర్చుంది.

"అన్నా, మా ఆయప్ప నీ పేరు చెప్పల్యా. నేనూ చెప్పను. దానికి రాల్యా నేను."

"మరి ఏం గిడ్డమ్మా?"

"ఆ కాయితంలో ఏముండాదో నాకు చెప్పు. ఊరంతా ఏలు కోసుకున్నోడు, ఏలు కోసుకున్నోడు అంటాంటే నమ్మకుండా ఉంటి. కోపమొచ్చిన పొద్దు నేనూ ఒకోపారి ఆ మాటే అంటి. ఆయప్ప ఏమీ అనకుండా బయటికి పోతాండె. దాంట్లో నిజంగా ఏముండాదో ఇనిపోదామని వచ్చినా."

బావ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. చర్మం కాలలేదని, వీపున తూటా ఉందని, ఎవడూ తన వీపు తాను కాల్చుకోలేడని. ఆమె మొత్తం విని, "వీపున మచ్చ ఉండాది. నేను సూసినా. అది నాకు తోచకపాయ," అంది. మళ్ళీ, "ఇంత చిన్న మాటను డాక్టరయ్య ఇంగ్లీసులో ఎందుకు రాసినాడన్నా? తెలుగులో రాసింటే మా ఇంటి గోడ మింద రాయించుకోని ఉందుము," అంది.

నేను మజ్జిగ లోటా ఆమె వైపు జరిపాను.

లేచేటప్పుడు అంది: "నీ అచ్చరాలు శానా గుండ్రంగా ఉంటాయంట. దొర గూడా మెచ్చుకున్నాడంట. మా ఆయప్పకు దేవుడు చేతి ఏళ్ళు తీసేసె. నీకు పది ఏళ్ళూ పెట్టె. పెట్టుకో అన్నా, బద్రంగా పెట్టుకో."

మజ్జిగ ముట్టలేదు. ఎండలో ప్యాపిలి దారి పట్టింది.

అమ్మ మంచం మీద నుంచి అంతా విన్నది. "దానికి మజ్జిగ ఇస్తివి. మాట ఇయ్యకుంటివి. పొర నా కంట్లో ఉండాదిరా, నీకేమొచ్చె?" అంది. ఈ సంగతి ఆమెకు నేను చెప్పి ఉండలేదు. ఆమెకు చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాదు.

సాయంత్రం మండీ పుస్తకాలు తేల్చి, తాళాలు సాహుకారు ముందు పెట్టాను.

"ఏమి గాబ్రియేలూ, ఈ వయసులో పెండ్లా?" అన్నాడు నవ్వుతూ.

"కాదయ్యా. కర్నూలులో ఒక రాత సంగతి చెప్పే పని ఉంది."

ఆయన నవ్వు ఆపాడు. ఊళ్ళో మాట ఆయన చెవిన పడకుండా ఉండదు. "చెప్పాకు," అన్నాడు. "నువ్వు చెప్పకుంటే నాకు తెలియనట్టు. చెప్తే తెలిసినట్టు. తెలిసినంక నా పుస్తకం నీ చేతికి ఎట్లిచ్చేది? బోయోడు నాలుగు నెలలు ఉండి వస్తాడు. వానికి అలవాటే."

"దేనికి అలవాటయ్యా?" అని అడిగాను. ఆయన తాళాలు తీసి పెట్టెలో వేసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయనను నేను ఎదురు అడిగిన ప్రశ్న అదొక్కటే.

రేపు పొద్దుటి రైలుకు కర్నూలు పోతున్నాను. ఆ చిత్తు కాగితం, నా కలం, సిరాబుడ్డి తీసుకుపోతాను. నమ్మకపోతే వాళ్ళ ఎదుటనే ఆ పుట మళ్ళీ రాసి చూపిస్తాను. ఆ పుట నా చేతికి ఇంకా గుర్తుంది, అర్థం తెలియకపోయినా. రాసినవాడు దొరికితే నిన్ను విడిచిపెడతామని వాళ్ళు ఓబులేసుతో అన్నారు. అన్న మాట మీద నిలబడతారో లేదో తెలియదు. ఇద్దరినీ పెట్టుకున్నా ఆశ్చర్యపడను. అప్పుడు కనీసం ఆ పోలీసుకు నేను అతనికి ఏమవుతానో చెప్పి ఉంటాను.

నీవు చేయవలసింది ఒకటి ఉంది. కర్నలు గారి దగ్గరికి పో. ఓబులేసు నంబరు ఈ జాబు వెనక రాశాను. ఆ నంబరు ఉన్న పుస్తకం ఒక్కటి తిరిగి ఇమ్మని అడుగు. బతిమాలవద్దు. ఏడవద్దు. నీ భర్త పుస్తకం నీవు అడుగుతున్నావు. నకలు ఉందా అని ఆయన అడిగితే, ఉంది, కర్నూలు పోలీసుల దగ్గర ఉంది, అసలు కోసం అడుగుతున్నారు అని చెప్పు. పుస్తకం కనబడలేదు అంటే, కనబడలేదని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మను. ఆయన అట్లా రాసి ఇస్తారని నేను అనుకోవడం లేదు. పుస్తకం ఇస్తారని కూడా అనుకోవడం లేదు. అయినా అడిగిన మనిషి ఒకరు ఉండాలి. పాపకు ఆయన ఇచ్చిన కలం తిరిగి ఇవ్వవద్దు. దాని తప్పేమీ లేదు.

పుస్తకం వస్తే నా పేరుకు పంపవద్దు. కర్నూలు పోలీసు ఇన్స్పెక్టరు గారి పేరుకు రిజిస్టరులో పంపు. ఆ పుస్తకం వచ్చినా ఓబులేసుకు భూమి వస్తుందని ఆశ పెట్టుకోలేదు. దొంగ కాడని ఇంటికి పంపితే చాలు.

అమ్మకు పూటకింత సంగటి ఇస్తానని పక్కింటి సుబ్బలక్ష్మమ్మ ఒప్పుకున్నది. మన సంఘంవాళ్ళు ఎవరైనా రాసినా, అడిగినా, నేను ఏ పని మీద పోయానో ఉన్నది ఉన్నట్టు చెప్పు. దాచిపెట్టి నన్ను మంచివాణ్ణి చేయవద్దు.

ఈ జాబు చించవద్దు. ఇందులో ఉన్నది నా రాత, నా మాట, నేను ఒప్పుకున్నది. కావలసి వస్తే ఎవరికైనా చూపించు. అందుకే నీకు రాసే జాబులో ఎప్పుడూ పెట్టని ఇంటిపేరు, తండ్రి పేరు పెట్టి సంతకం చేస్తున్నాను.

ఇట్లు,
ఓబులేసు పుటను తన చేత్తో రాసినవాడు,
నీ అన్న,
నల్లపోగు గాబ్రియేలు,
తండ్రి లేవి,
నిన్నటి దాకా బుడ్డల మండీ గుమాస్తా, డోన్.